ఎనభై నాలుగో తల్లి

ఆ ఏడాది మా పేట ఆడవాళ్ళు పదకొండు దేశాల తల్లులను వెనక్కి నెట్టేశారు. దేనిలో అంటే, తిండికీ బట్టకీ లోటు లేకుండా, పిల్లాపాపలతో కళకళలాడుతూ, మనసు నిబ్బరంగా బతకడంలో. నవ్వొస్తే నవ్వుకోండి. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా నవ్వు రాలేదు.

అది అరవై ఐదో సంవత్సరం. వాన మొహం చాటేసింది. గురజాల చుట్టుపక్కల జొన్నచేలు మోకాలెత్తు లేవకుండానే ఎండిపోయాయి. మిరపనారు పోసినవాళ్ళు పోసినచోటే మాడబెట్టుకున్నారు. అవతల సాగరు డ్యామ్ కడుతున్నారనీ, కాలవలొస్తాయనీ, పల్నాడంతా పచ్చబడుతుందనీ వచ్చిన ప్రతి నాయకుడూ చెప్పిపోయేవాడు. రాబోయే నీళ్ళ సంగతి దేవుడెరుగు, మా పేట మగవాళ్ళలో సగంమంది ఆ డ్యామ్ మీద రాళ్ళు మోయడానికే పోయారు. నా తమ్ముడు సామేలు కూడా పోయాడు. పోతూ పోతూ భార్య రాహేలునీ, ఏడాదిన్నర కూతురు సలోమినీ నాకు అప్పజెప్పాడు.

నా పేరు గ్రేసమ్మ. మొగుడు పోయి, పిల్లలు లేక, పుట్టిన పేటకే తిరిగొచ్చినదాన్ని. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు. మంచిది కాకపోబట్టే ఇంతకాలం బతికానని నేననుకుంటాను. మా పేటలో పాల కేంద్రమని ఒక రేకుల షెడ్డు ఉండేది. ఎక్కడో సముద్రాల అవతల నుంచి సంచుల్లో పాలపొడి వచ్చేది. పొద్దున్నే గంగాళంలో నీళ్ళు కాచి, పొడి ఉండకట్టకుండా కలిపి, ఐదేళ్ళలోపు పిల్లలకు తలా ఒక గ్లాసు పొయ్యడం నా పని. పెద్దవాళ్ళు గ్లాసు చాపితే గరిటెతో కొట్టేదాన్ని. దానికి కూడా నాకు పేరుంది.

రాహేలుకు పాలు ఎండిపోయాయి. తల్లి తినేది తగ్గితే బిడ్డకు పాలెక్కడి నుంచి వస్తాయి? జొన్న అంబలి పడితే సలోమికి కడుపు ఆగేది కాదు. అందుకని ఆ పిల్ల నేను పోసే గ్లాసెడు పాల మీదే నిలబడింది. నిజం చెప్పొద్దూ, ఎవరూ చూడకుండా ఇంకో అరగ్లాసు పోసేదాన్ని. గ్లాసులో మొహమంతా దూర్చి తాగి, మూతి తుడవకుండానే నా వంక చూసి "అత్తా" అనేది. దానికి వచ్చిన మాటలే రెండు మూడు. అందులో ఒకటి నాది కావడం నాకెంత గర్వమో!

ఆగస్టులో నరసరావుపేట ఆఫీసు నుంచి సర్వే వాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. పాలు పంపే దేశాల వాళ్ళు, ఏ దేశంలో తల్లులు ఎట్లా బతుకుతున్నారో అడిగి తెలుసుకుంటారట. ఎవరికి లేదో వాళ్ళకు ముందు పంపుతారట. వచ్చినవాడు శ్రీనివాసరావు అనే కుర్ర ఆఫీసరు. సన్నగా, కళ్ళజోడుతో, మాట మెత్తగా ఉన్నాడు. మా గుడి గడప దగ్గర చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చాడు. పేటలో వంద మంది కూర్చునే నీడ ఆ గుడి ఒక్కటే, అందుకని సర్వే గుళ్ళోనే పెట్టారు.

ఇక్కడ మీకు మా ఉపదేశి దానయ్య గురించి చెప్పాలి. పాస్టరుగారు నెలకోసారి వచ్చేవాడు, మిగతా ఆదివారాలన్నీ దానయ్యవే. మనిషి చెడ్డవాడు కాదు. కలరా వచ్చిన ఇంట్లో కూడా కూర్చుని ప్రార్థన చేసేవాడు. కానీ సణుగుడంటే ఆయనకు గిట్టదు. ఎవరన్నా ఇంట్లో ఫలానాది లేదంటే చాలు, బైబిల్లో ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఎట్లా సణిగారో, సణిగి ఎట్లా రాలిపోయారో మొదలుపెట్టేవాడు. మా ఆడవాళ్ళకు అది చిన్నప్పటి నుంచీ వంటబట్టింది. ఎవరు పలకరించినా "దేవుడి దయవల్ల ఏ కొదవా లేదు" అనడమే. అట్లా అనడం సాక్ష్యం, ఇంకోరకంగా అనడం పాపం.

ఇంకొకటి కూడా ఉంది. వండేముందు పిడికెడు గింజలు తీసి ముంతలో వేసుకుని, ఆదివారం గుళ్ళో కానుక పళ్ళెంలో పొయ్యడం మా వాళ్ళ ఆచారం. బియ్యం ఉంటే బియ్యం, లేకపోతే జొన్నలు. ఇంట్లో పస్తున్నా ఆ పిడికెడు తగ్గేది కాదు. పళ్ళెంలో ఎంత పడిందో పక్కమనిషి చూస్తుంది, దానయ్య చూస్తాడు, పైవాడు ఎటూ చూస్తాడు.

శ్రీనివాసరావు దగ్గర పన్నెండు ప్రశ్నలున్నాయి. ప్రతి ప్రశ్నకూ మార్కులు వేసుకోవాలి. చదువురాని వాళ్ళు మార్కులు ఎట్లా వేస్తారు? దానికొక ఉపాయం తెచ్చాడు, ఒక సంచెడు చింతపిక్కలు. "చాలినంత ఉందనుకుంటే ఐదు పిక్కలు వెయ్యండమ్మా. అసలు లేకపోతే ఒక్కటి కూడా వెయ్యొద్దు. మధ్యలో ఎంతుంటే అంత" అని చక్కగా విడమరిచి చెప్పాడు. అంతా బాగానే ఉంది. పిక్కలు వెయ్యడానికి తెచ్చిన డబ్బా జీపులో మర్చిపోయాడు, జీపేమో మాచర్ల వెళ్ళిపోయింది. ఏదన్నా గిన్నె ఉంటే ఇమ్మని అడిగాడు.

దానయ్య పెద్దమనసుతో ఇత్తడి కానుక పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెట్టి, అలవాటు చొప్పున దాని పక్కనే నిలబడ్డాడు.

మొదట హన్నమ్మ వచ్చింది. చంకలో చంటిదాన్ని వేసుకుని బల్ల ముందు కూర్చుంది. "పోయిన నెలలో ఇంట్లో అందరికీ రెండుపూటలా కడుపునిండా తిండి దొరికిందా?" అని శ్రీనివాసరావు అడిగాడు. ముందురోజే మా ఇంటికొచ్చి సోలెడు జొన్నలు బదులు పట్టుకుపోయిన హన్నమ్మ పళ్ళెం వంక చూసింది, దానయ్య వంక చూసింది, ఐదు పిక్కలూ వేసింది. "స్తోత్రం" అన్నాడు దానయ్య. వెనక కూర్చున్న వాళ్ళంతా "స్తోత్రం" అన్నారు. ఇంకేముంది, సర్వే కాస్తా ఆరాధన అయిపోయింది. ఒకరిని మించి ఒకరు గలగలమని పిక్కలు పోశారు. పాపం శ్రీనివాసరావు వంచిన తల ఎత్తకుండా లెక్కపెట్టి రాసుకుంటూనే ఉన్నాడు.

ఐదేళ్ళలోపు బిడ్డ ఉన్నవాళ్ళనే అడిగారు కాబట్టి నా వంతు లేదు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. రాహేలు వంతు వచ్చింది. "పసిబిడ్డకు పాలు చాలినన్ని అందుతున్నాయా?" అన్న ప్రశ్నకు ఆమె రెండు పిక్కలు చేతిలోకి తీసుకుంది. చెయ్యి పళ్ళెం దాకా పోయి ఆగింది. దానయ్య ఊరికే చూశాడు. రాహేలు మళ్ళీ సంచిలో చెయ్యి పెట్టి, ఇంకో మూడు కలిపి వేసింది.

ఇంటికొచ్చాక నేనూరుకుంటానా?

"ఏమే, నీ రొమ్ములో చుక్క లేదు, కుండలో గింజ లేదు. ఐదెట్టా వేశావే?"

"దేవుడి పళ్ళెంలో తక్కువెట్టా వేసేది వదినా" అంది రాహేలు. నా కళ్ళలోకి చూడలేదు.

పళ్ళెం అంటే పళ్ళెమే కదా అని నేనూ అనుకున్నాను.

అక్టోబరులో దానయ్య పేరున ఉత్తరం వచ్చింది. ఆదివారం ఆరాధనయ్యాక నిలబడి చదివాడు. పన్నెండు దేశాల తల్లుల జవాబులను పోల్చి చూశారట. అందులో మా పేట పర్సెంటైల్ ఎనభై నాలుగట. పర్సెంటైల్ అంటే ఏంటో దానయ్యకు తెలియదు, మాకసలే తెలియదు. "అంటే నూటికి ఎనభై నాలుగు మార్కులన్నమాట! ఫస్టు క్లాసు!" అన్నాడు ఆయన, కళ్ళనీళ్ళు పెట్టుకుని. మా జన్మలో మాకెవరూ ఫస్టు క్లాసు ఇవ్వలేదు. ఊళ్ళో బావి దగ్గర మమ్మల్ని ఎడంగా నిలబెట్టినవాళ్ళే ఎక్కువ. అటువంటి మాకు విదేశాల వాళ్ళు ఎనభై నాలుగిచ్చారంటే సంబరం కాదూ! డోలు తెచ్చారు, పాటలు పాడారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టానా అని ఇప్పుడు నా చేతులను నేనే తిట్టుకుంటాను.

ఉత్తరంలో కింద ఇంకో నాలుగు వరసలున్నాయి. వచ్చే నెల నుంచి పాలపొడి వెనకబడిన ఊళ్ళకు వెళుతుందనీ, మా పేట బాగున్నందుకు అభినందనలనీ ఉంది.

"మనకంటే లేనివాళ్ళకు పోతన్నయి. సంతోషమే గదా" అన్నాడు దానయ్య.

"ఆమేన్" అన్నారు అందరూ. రాహేలు అనలేదు. సలోమిని ఈ ఒడిలోంచి ఆ ఒడిలోకి మార్చుకుంటూ కూర్చుంది.

నవంబరులో సంచులు రాలేదు. ఉన్న ఖాళీ సంచులను దులిపి, కుట్లు విప్పి, అంటుకున్న పొడిని గోళ్ళతో గీకి కొన్నాళ్ళు కలిపాను. పాలు కావవి, తెల్లనీళ్ళు. తరవాత అదీ అయిపోయింది. కరువుకి గేదెలు ఒట్టిపోయాయి. ఒకటీ అరా పాలిచ్చేవి ఉంటే ఆ పాలు గురజాల హోటళ్ళకు పోయేవి. ఊళ్ళో పాడి ఉన్న నాగేంద్రమ్మగారి ఇంటి వెనక నిలబడితే ఒకోరోజు అరగ్లాసు వంచేది. ఆ తల్లికి పుణ్యముంటుంది. కానీ రోజూ ఎవరు పోస్తారు?

సలోమి కాళ్ళు ఉబ్బాయి. ఒళ్ళు వచ్చిందేమోనని మొదట మురిసిపోయాం చూడండి, ఎంత పిచ్చివాళ్ళమో! వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయేది. జుట్టు ఎర్రబడింది. ఏడుపు కూడా తగ్గిపోయింది, ఊరికే మూలుగుతూ పడుకునేది. గురజాల తీసుకెళితే డాక్టరు చూసి, "మందుల కంటే దీనికి పాలు కావాలి, గుడ్లు కావాలి" అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది?

నేను తిన్నగా దానయ్య దగ్గరికి పోయాను.

"ఆఫీసుకి ఒక ఉత్తరం ముక్క రాయి. మా పేటలో పిల్లలకు పాలు లేవు, మాకేం బాగాలేదని రాయి."

"గ్రేసమ్మా, దేవుడిచ్చిన మంచిపేరు మన చేతులతో మనమే చెరుపుకుందామా? ఆయనే దారి చూపిస్తాడు."

"చూపిస్తాడు. ఆ లోపల పిల్ల పోద్ది."

"సణగమాక" అన్నాడు దానయ్య.

నేను సణగలేదు. నోరు పెట్టి అరిచాను. ఆయన గుడి తలుపు వేసుకుని లోపలికి పోయాడు.

మర్నాడు మాచర్ల నుంచి వచ్చే బండెక్కి నరసరావుపేట పోయాను. ఆఫీసు వెతుక్కోవడానికి సగం పొద్దు పోయింది. మేడమీద ఒక గది, గది నిండా కాగితాల కట్టలు. శ్రీనివాసరావు ఒక చిన్న ఇనప యంత్రం పిడిని కరకరమని తిప్పుతున్నాడు. కూడికలూ భాగహారాలూ అదే చేస్తుందట. నన్ను చూసి గుర్తుపట్టాడు. మొహం వికసించింది.

"గురజాల దగ్గర పేట కదమ్మా! ఎనభై నాలుగు!" అన్నాడు, నా పేరే అదైనట్టు.

"ఏందయ్యా ఆ ఎనభై నాలుగు? ఎనభై నాలుగొచ్చిందని మా పాలు ఆపారు. నా మేనకోడలు కాళ్ళు ఉబ్బి చస్తన్నది. నూటికి నూరు తెచ్చుకుంటే విషం పంపిస్తారా?"

ఆయన లేచి నన్ను బెంచీ మీద కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు ఇచ్చాడు. ఆ తరవాత చెప్పడం మొదలుపెట్టాడు.

"అవి మార్కులు కావమ్మా. ఒక దేశంలో పదికి మార్కులు వేశారు, ఇంకో దేశంలో ఏడుకి. మనం ఐదు పిక్కలు పెట్టాం. ఇవన్నీ ఒకదాంతో ఒకటి పోల్చడం ఎట్లా? అందుకని ముందు అన్నిటినీ ఒకే కొలతకు తెస్తాం. తెచ్చాక, అన్ని దేశాల తల్లులనూ ఒకే వరసలో నిలబెట్టామనుకోండి. లేమి ఎక్కువున్న తల్లి ముందు, అన్నీ ఉన్న తల్లి చివర. ఆ వరసలో నూరుమందికి మీ పేట తల్లిది ఎనభై నాలుగో చోటు. అంటే ఎనభై మూడు మంది మీకంటే లేనివాళ్ళు. వరసలో మొదటి పాతికమందికే పాలు ఇవ్వమని పైనుంచి ఆర్డరు."

"ఆ ఎనభై మూడు మంది బిడ్డల కాళ్ళు మా సలోమి కాళ్ళకంటే ఉబ్బినయ్యా?"

ఆయన కొంచెం ఇబ్బందిపడ్డాడు. "అది నాకు తెలియదమ్మా. వాళ్ళు తక్కువ చెప్పారు, అంతే. కొన్ని దేశాల్లో ఇంటి ముందుకు పాల బండి వస్తుంది. అయినా అక్కడి తల్లులు చాలడం లేదనే చెప్పారు. మీ వాళ్ళు మాత్రం... నేను అప్పుడే అనుకున్నాను. ఇన్ని ఊళ్ళు తిరిగాను, దాదాపు అందరూ దాదాపు అన్నిటికీ ఐదేసి వేసిన చోటు ఇదొక్కటే. ఎందుకు వేశారమ్మా?"

"పళ్ళెంలో తక్కువెట్టా వేస్తారు?" అన్నాను. నాకది చెప్పాల్సిన మాటలా కూడా తోచలేదు.

"ఏ పళ్ళెం?"

"దానయ్య పెట్టిన పళ్ళెం. కానుక పళ్ళెం. దేవుడికి కానుకలు వేసేది."

శ్రీనివాసరావు యంత్రం మీద నుంచి చెయ్యి తీసేశాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను ఏమన్నానో, ఆయనకేమైందో నాకర్థం కాలేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగాను కూడా. ఆయన అప్పుడు నెమ్మదిగా విడదీసి చెప్పాడు. మా ఆడవాళ్ళు దేవుడికి వేసిన పిక్కలను ఆయన లెక్కపెట్టాడు. ఆ లెక్కను పదకొండు దేశాల తల్లుల పక్కన పెట్టాడు.

"మార్చెయ్యి మరి. ఇప్పుడే మార్చెయ్యి" అన్నాను.

"నా చేతిలో లేదమ్మా. ఈ లెక్కలు ఢిల్లీ దాటి పోయాయి. మళ్ళీ వచ్చి అడగాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలి." అంటూనే కాగితం తీసుకుని అప్పటికప్పుడు పైవాళ్ళకు రాశాడు. నేను పోతానని లేస్తే, తన ఇంటి నుంచి ఒక హార్లిక్స్ సీసా తెప్పించి నా సంచిలో పెట్టాడు. అందులో సగం ఉంది. ఆయన ఇంట్లోనూ పసిబిడ్డ ఉన్నట్టుంది.

తిరిగొచ్చే బండి నడికుడిలో చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం మీద కృష్ణ అవతలి వైపు పనికిపోయే కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. తల్లులూ, పిల్లలూ, మూటలూ. నాకు తెలియకుండానే వాళ్ళను వరసలో నిలబెట్టడం మొదలుపెట్టాను. ఈమె ముందు, ఆమె వెనక, ఈ బిడ్డ కాళ్ళు పర్వాలేదు, ఆ బిడ్డ కళ్ళు లోపలికి పోయాయి. కాసేపటికి నా మీద నాకే అసహ్యం వేసి, కిటికీ రేకు దించేశాను.

సీసాలో ఉన్నంతకాలం సలోమి కొంచెం తేరుకుంది. ఒకరోజు నన్ను చూసి చెయ్యి చాపింది కూడా. మేము ఆశపడ్డాం. ఆఫీసు నుంచి ఈ వారం కబురొస్తుంది, వచ్చే వారం వస్తుందని రాహేలుతో చెబుతూనే ఉన్నాను. పైవాళ్ళు ఎక్కడుంటారో, ఎంత పైన ఉంటారో నాకేం తెలుసు? క్రిస్మస్ దాటింది, కొత్త సంవత్సరం వచ్చింది, కబురు రాలేదు. సంక్రాంతి నెల మధ్యలో పిల్లకు మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నం ఎండలో, నేను నాగేంద్రమ్మగారి ఇంటి వెనక గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు, హన్నమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. గ్లాసులో అడుగున కాసిని పాలు పడ్డాయి. అవి ఒలికిపోకుండా పట్టుకుని ఇంటిదాకా పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో! పిల్ల పోయిందని హన్నమ్మ మొహం చూసినప్పుడే నాకు తెలియాల్సింది.

గుంట దానయ్యే తవ్వాడు. ప్రార్థనా ఆయనే చేశాడు. దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు అన్నప్పుడు ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది నాకు. కానీ ఆయన చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. కరువు నేల గడ్డపారకు కూడా లొంగలేదు. ఆ చేతులు చూసి ఊరుకున్నాను. సామేలు సిమెంటు లారీ పట్టుకుని వచ్చేసరికి మట్టి కప్పేశాం. నాలుగు రోజులుండి, మళ్ళీ రాళ్ళ దగ్గరికే పోయాడు. అప్పజెప్పి పోయిన బిడ్డ ఏదని నన్ను అడిగినా బాగుండేది.

ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. శ్రీనివాసరావు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అడిగాడు. మా పేట ఆ వరసలో ఆరో చోటుకి దిగింది. పాల సంచులు తిరిగొచ్చాయి. అదంతా ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను మరిచిపోలేనిది అది కాదు. ఆయన మళ్ళీ అడిగిన రోజు జరిగింది.

ఈసారి గుళ్ళో వద్దన్నాడు శ్రీనివాసరావు. మూతపడ్డ పాల కేంద్రం తాళం నేనే తీశాను. దానయ్యను లోపలికి రావద్దని మర్యాదగా చెప్పాడు. ఆయన పోయి, బయట నాపరాయి మీద ఎండలో కూర్చున్నాడు. ఆడవాళ్ళంతా లోపల నేలమీద కూర్చున్నారు. రాహేలు కూడా వచ్చి అందరికంటే వెనక గోడకానుకుని కూర్చుంది. ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు.

శ్రీనివాసరావు పాత కాగితాలు చూసి పేర్లు పిలుస్తున్నాడు. "రాహేలు. బిడ్డ పేరు సలోమి" అన్నాడు.

చివరికి నేనే చెప్పాల్సొచ్చింది.

"ఆ పిల్ల లేదయ్యా. పోయిన నెల పోయింది."

ఆయన తల ఎత్తకుండానే, "క్షమించండమ్మా" అన్నాడు. ఆ పేరు మీద గీత పెట్టి, తరవాతి పేరు పిలిచాడు. "హన్నమ్మ."

హన్నమ్మ లేచేలోపలే రాహేలు లేచింది. అందరినీ దాటుకుంటూ వచ్చి ఆయన ముందు కూర్చుంది.

"నన్నడుగు."

"అమ్మా, ఐదేళ్ళలోపు బిడ్డ ఉన్న ఇంటినే..."

"అడుగయ్యా."

ఆయన అడిగాడు. రెండుపూటలా తిండి దొరికిందా అన్నాడు. "లేదు" అంది. ముందున్న పిక్కల సంచి వంక కూడా చూడలేదు. కప్పుకోను దుప్పటి ఉందా, జబ్బు చేస్తే మందుందా, తాగను మంచినీళ్ళున్నాయా. "లేదు. లేదు. లేదు." ఆమె గొంతు పెద్దది కాదు. అయినా బయట దానయ్యకు వినపడిందని నాకు తెలుసు. పసిబిడ్డకు పాలు చాలినన్ని అందుతున్నాయా అన్నచోటికి వచ్చేసరికి శ్రీనివాసరావు ఆ ప్రశ్న వదిలేసి తరవాతిది మొదలుపెట్టాడు.

"పాల సంగతి అడగలా నువ్వు" అంది రాహేలు.

ఆయన అడిగాడు.

"అందలా" అంది ఆమె. "అందలేదయ్యా. పోయినసారి అందినయ్యన్నా. అప్పుడూ అందలా."

పన్నెండు ప్రశ్నలూ అయ్యాయి. అప్పుడు గమనించింది రాహేలు, ఆయన చేతిలో పెన్ను ఉంది గానీ కాగితం మీద ఒక్క అక్షరం పడలేదని.

"రాసుకోలేదేంది?"

"రాసినా లెక్కలోకి రాదమ్మా. ఇంట్లో బిడ్డ ఉంటేనే తీసుకోమని రూలు. నేను పెట్టింది కాదు."

రాహేలు ఆయన మీద అరవలేదు. నేనైతే అరిచేదాన్ని, ఆ బల్ల తిరగేసేదాన్ని. ఆమె తెలియనిదేదో అడుగుతున్నట్టు అడిగింది.

"బిడ్డున్నప్పుడు నిజం చెప్పటానికి నాకు నోరు రాలేదు గదయ్యా. అది పోయినాకే గదా నోరొచ్చింది. ఇప్పుడు పనికిరాదంటే ఎట్టా?"

కళ్ళజోడు కిందనుంచి శ్రీనివాసరావుకు నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. నేను రాహేలు భుజం పట్టుకుని లేపబోయాను. ఆమె లేవలేదు, కొంచెం పక్కకు జరిగి హన్నమ్మకు చోటిచ్చింది.

హన్నమ్మ చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదటి ప్రశ్న విని, గుమ్మంలోంచి కనపడుతున్న దానయ్య వీపు వంక చూసింది. చెయ్యి సంచిలోకి పోయింది. పిడికిలి నిండా పిక్కలతో బయటికొచ్చింది. అలవాటైన చెయ్యి, దాన్ననుకుని లాభం లేదు.

రాహేలు ఆ పిడికిలిని పట్టుకుంది.

"హన్నక్కా, నీకు బిడ్డుంది. నీ మాటయితే రాసుకుంటాడు. చెప్పు" అంది.

హన్నమ్మ పిడికిలి విప్పి పిక్కలన్నీ సంచిలోకి వదిలేసింది. చంటిదాన్ని తీసి రాహేలు ఒళ్ళో కూర్చోబెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా ఇంట్లో ఏం లేదయ్యా, రాసుకో" అంది.